కంటి కింద సుడి

ఆ గుర్రాన్ని కొన్న రోజు దాని పళ్ళు చూశాను. నాలుగు గిట్టలూ ఎత్తి చూశాను. పక్కటెముకల మీద చెవి ఆనించి ఊపిరి విన్నాను. కళ్ళ ముందు చెయ్యి ఆడించి చూపు ఎలా ఉందో చూశాను. ఐరాల దగ్గర పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా అప్పటికి నాకు పదకొండేళ్ళ అనుభవం. అమ్మేవాడు ఏడేళ్ళ గుర్రం అన్నాడు. పళ్ళను బట్టి పన్నెండుకు తగ్గదని నేను అన్నాను. అతను నవ్వి ఒప్పుకున్నాడు. అతన్ని పట్టేశానని ఆ పూటంతా నాకు ఒకటే గర్వం. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో ఆలోచించలేదు.

నిజానికి గుర్రం కొనాలన్న ఆశ నాది కాదు, మా నాయనది. నాయన నగరిలో యాభై ఏళ్ళు మగ్గం నేశాడు. మొదట చేతిమగ్గం, తర్వాత పవర్‌లూమ్. ఆ మరమగ్గాల మోతకు చెవులు సగం పోయాయి. కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి. అమ్మ పోయాక మగ్గాలు అమ్మేసి, ఐరాలలో నేను అద్దెకుంటున్న ఇంటికి వచ్చేశాడు. నాకు పెళ్ళి కాలేదు కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియక ఆయన చేతులు ఊరికే కదులుతూ ఉండేవి. గడప మీద కూర్చుని, లేని పడుగులో తెగిన పోగు వెతుకుతున్నట్టు వేళ్ళు ఆడించేవాడు. మధ్యాహ్నం నాకు క్యారియర్ తెచ్చివ్వడం ఒక్కటే ఆయన పెట్టుకున్న పని.

అలా క్యారియర్ తెచ్చిన ఒక రోజు ఆసుపత్రి ముందు వేపచెట్టు కింద గోధుమరంగు ఆడగుర్రం ఒకటి కట్టేసి ఉంది. గుడియాత్తం వైపు మనిషిది. తిరునాళ్ళలో పిల్లల్ని ఎక్కించి తిప్పేవాడు. జీను ఒరుసుకుని వీపు మీద పుండు పడింది. డాక్టరుగారు క్యాంపుకు వెళ్ళడంతో నేనే పుండు కడిగి మందు వేస్తున్నాను. గుర్రం నొప్పికి చర్మం వణికిస్తోంది గానీ కాలు ఎత్తలేదు. నాయన వచ్చి దాని తల దగ్గర నిలబడ్డాడు. అది మూతి చాచి ముందు క్యారియర్‌ను వాసన చూసింది, తర్వాత ఆయన భుజాన్ని. అక్కడే మూతి ఆనించి కళ్ళు సగం మూసుకుంది. నేను పని ముగించేదాకా ఆయన కదల్లేదు. చారు చల్లారిపోయింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ అడిగాడు. "పాపా, ఆ గుర్రాన్ని అమ్ముతానంటాండా ఆయప్ప?"

"అంటాండాడు. ఎందుకు నాయనా?"

పళ్ళెంలో ముద్దను అటూ ఇటూ జరిపాడు. తర్వాత చిన్నప్పటి సంగతి చెప్పాడు. నగరి రైల్వే స్టేషన్ నుంచి నూలు బేళ్ళు గుర్రబ్బండి మీద వచ్చేవట. బేళ్ళు దించేదాకా గుర్రాన్ని వీళ్ళ ఇంటి ముందే కట్టేవాళ్ళట. "రోజూ సూసేవాణ్ణి. తాకనిచ్చేవాళ్ళు కాదు. కొరుకుతాదనేవాళ్ళు. ఒక్క దినం గూడా తాకలే."

నా పుస్తకాలకు, హాస్టలు ఫీజుకు పగలూ రాత్రీ మగ్గం మీద కూర్చున్న మనిషి. తనకోసం ఇది కావాలని నన్ను ఏనాడూ అడగలేదు. అప్పుడూ అడగలేదు, ఊరికే చెప్పాడు. స్కూటరు మార్చుకుందామని దాచిన చీటీ డబ్బు తీసి మరుసటి రోజే గుర్రాన్ని కొన్నాను. మా ఇంటి వెనక ఒక పాడిరైతుకు రెండు గేదెల కొట్టం ఉంది. అందులో సగం అద్దెకు అడిగితే ఇచ్చాడు. గుర్రం ముఖానికి రెండు వైపులా ఎర్ర ఊలు కుచ్చులు వేలాడుతుండేవి. అమ్మినవాడు కళ్ళెంతో పాటు వాటినీ వదిలి వెళ్ళాడు. "అందంగా ఉంటుందమ్మా, తియ్యకండి" అని కూడా చెప్పాడు.

ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఒకలాంటి తీపితో బరువెక్కుతుంది. నాయన దానికి పేరు పెట్టలేదు. "ఏమ్మే" అని పిలిచేవాడు, అంతే. పొద్దున్నే ఉలవలు ఉడకేసి, తవుడు కలిపి పెట్టేవాడు. తాడు పట్టుకుని చెరకు తోటల గట్ల వెంబడి నడిపించేవాడు. గుర్రాన్ని తిప్పడం కోసం తనూ నడవాల్సి వచ్చి మోకాళ్ళు కొంచెం సర్దుకున్నాయి. చెవులు వినపడవు కాబట్టి దాని మెడ మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. "ఊపిరి తగులుతాది పాపా, ఆడ చెయ్యి పెట్టి సూడు" అనేవాడు.

వీపు పుండు మాని కొత్త వెంట్రుకలు వచ్చాక నేను ఎక్కడం నేర్చుకున్నాను. వేరుశనగ పీకేసిన చేను మెత్తగా ఉండేది. అందులో రెండుసార్లు పడ్డాను. మూడో ఆదివారం పడలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, చుడీదారులోనే, జుట్టు ముడి వేసుకుని, ఆ చేను చుట్టూ నాలుగు రౌండ్లు తిరిగాను. గుర్రం నడక నడుము దాకా వచ్చి తెలుస్తుంది. ఆ ఎత్తు నుంచి చూస్తే రోజూ చూసే ఊరే కొత్తగా కనిపించింది. గట్టు మీద నాయన రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతున్నాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత కూడా అలాంటి నవ్వు నేను చూడలేదు.

పక్క ఊళ్ళో ఒక పెళ్ళికి పిలిచిన గుర్రం రాలేదట. గంటసేపు మీ గుర్రాన్ని ఇవ్వమని పెళ్ళికొడుకు మేనమామ వచ్చి అడిగాడు. నాయన సంతోషంగా ఒప్పుకున్నాడు. పాత కుచ్చులు విప్పి, ముఖం దాకా రుద్ది స్నానం చేయించి, జూలు దువ్వి, తనే నడిపించుకుని వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. పెళ్ళికొడుకును ఎక్కించబోతుంటే, పలమనేరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన గుర్రం ముఖం నిమిరాడు. నిమిరే చెయ్యి ఎడమ కంటి కింద ఆగింది. వంగి చూసి వెనక్కి జరిగాడు.

"ఎక్కించొద్దండప్పా. దీనికి కన్నీటి సుడి ఉండాది."

అందరూ వంగి చూశారు. నేనూ చూశాను. కంటికి రెండు వేళ్ళ కింద, గోరంత మేర వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. సరిగ్గా కన్నీటి చుక్క జారే చోట. అలాంటి గుర్రం ఉన్న ఇంట్లో కన్నీళ్ళు తప్పవంటారని ఆ పెద్దాయన మెల్లగా, మర్యాదగానే చెప్పాడు. పెళ్ళికొడుకు కారెక్కాడు. మేం గుర్రాన్ని తీసుకుని వెనక్కి నడిచాం. పళ్ళూ గిట్టలూ చూసిన దాన్ని, కుచ్చులు ఎత్తి చూడలేదు. గుర్రాలు కొనేవాళ్ళు పళ్ళ కంటే ముందు సుడులు చూస్తారని నేను చదివిన పాఠాల్లో లేదు.

దారిలో నాయన ఒకే మాట అన్నాడు. "ఎనిమిది నెల్లు ముద్దు పెట్టిన సోటే అది. నాకు సుడి అని తెలీలే."

ఊరికి తెలియడానికి రెండు రోజులు పట్టలేదు. ఆ నెలలోనే కొట్టం యజమాని గేదె ఈసుకుపోయింది, కడుపు నిలవలేదు. ఏడో నెల. అది ఒక రోగం వల్ల అని నాకు తెలుసు. రక్తం నేనే తీసి పరీక్షకు పంపి, వచ్చిన కాగితం తెచ్చి ఆయనకు చూపించాను. ఆయన కాగితాన్ని చాలాసేపు పట్టుకుని చూశాడు.

"నువ్వు సదువుకున్నదానివి మేడం. నువ్వు సెప్పేది నిజమే అయ్యుంటాది. నేనేం అనడంలే. ఇంట్లో ఆడోళ్ళు ఆ పక్కకి పోవాలంటే భయపడతాండారు. నెలాఖరుకు యాడన్నా సూసుకోండి."

నేను ఏడు చోట్ల కొట్టం అడిగాను. ఖాళీ కొట్టాలున్నవాళ్ళే. ఎవరూ లేదని ముఖం మీద చెప్పలేదు. అన్నను అడగాలి, పొలం పనులు కానీ, దినాలు మంచివి కావు అన్నారు. వాళ్ళ ఆవులకు అర్ధరాత్రి కష్టమొస్తే నేను వెళ్ళినవాళ్ళే అందరూ. చివరికి అమ్మడం తప్ప దారి కనిపించలేదు. ఆ మాట నాయనకు చెప్పిన రోజు ఆయన "సరే" అని, ఉలవలు రెండు గుప్పెళ్ళు ఎక్కువ వేశాడు.

అమ్మడం కొనడమంత సులువు కాదని అప్పుడు తెలిసింది. తిరుపతి నుంచి పెళ్ళి ఊరేగింపులవాళ్ళ మనిషి వచ్చాడు. బైకు మీద నుంచి దిగనే లేదు. అక్కడి నుంచే మెడ వంచి గుర్రం కంటి కింద చూసి, "ఫోన్లోనే సెప్పుంటే పెట్రోలు మిగిలేది గదక్కా" అని వెళ్ళిపోయాడు. తర్వాత తమిళనాడు వైపు నుంచి బ్రోకరు ఒకాయన వచ్చాడు. గుర్రం చుట్టూ తిరిగి, నడిపించి చూసి, చాలా మెచ్చుకున్నాడు. ఆఖరికి నన్ను పక్కకు పిలిచాడు.

"గుర్రం మంచిదేమ్మా. ఆ సుళి ఒకటే ఇబ్బంది. ఇనప కడ్డీ కాల్చి ఆడ ఒక సురక పెడితే మచ్చ అయిపోతాది. దెబ్బ తగిలిందని సెప్పుకోవచ్చు. మీ సేతిలో పనే గదా. మత్తుసూది మీ దగ్గరే ఉంటాది."

వెళ్ళిపొమ్మన్నాను. వెళ్ళాడు గానీ ఆయన మాట నాలో ఉండిపోయింది. వాత పెట్టడం ఎలాగూ చెయ్యను. అయితే నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉన్నాయి. బంగారుపాళ్యం వైపు నుంచి మామిడితోటలున్న రైతు ఒకాయన గుర్రం చూడ్డానికి వస్తానన్నాడు. తన తోటలో తిరగడానికి కావాలట. మాట పద్ధతిగా ఉంది. ఆయన వచ్చే పొద్దున, నాయన స్నానానికి వెళ్ళినప్పుడు, కుట్లు విప్పే చిన్న కత్తెర తీసుకుని కొట్టంలోకి వెళ్ళాను. కంటి కింద వెంట్రుకలు చర్మం దాకా కత్తిరించాను. తేడా కనిపించకుండా రెండో వైపు కూడా కత్తిరించాను. గుర్రం కదల్లేదు. నేను మందు వేస్తున్నాననుకుందేమో.

రైతు వచ్చాడు. గుర్రాన్ని చూశాడు, ఎక్కి కొట్టం ముందు అటూ ఇటూ తిప్పాడు. దిగి ముఖం నిమిరాడు. కంటి కింద చూశాడు, ఏమీ అనలేదు. బేరం కూడా కుదిరింది. అంతలో, అప్పటిదాకా గుంజకు ఆనుకుని నిలబడ్డ నాయన ముందుకు వచ్చాడు.

"అబ్బా, ఒక మాట. దీనికి ఎడమ కంటి కింద సుడి ఉండాది. కన్నీటి సుడి. మా పాప ఎంటికలు కత్తిరించినాది."

నేను కళ్ళెం సర్దుతున్నట్టు అటు తిరిగాను. రైతు నా వైపు చూడలేదు, అది ఆయన మంచితనం. కొంతసేపు నేల చూసి, "నాకు పట్టింపు లేదు పెద్దాయనా. మా అమ్మ ఉండాది. ఆమెకి తెలిస్తే తోటలోకి రానీదు" అన్నాడు. నాయనకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నేను నాయన మీద అరిచాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఇంక నువ్వే ఎక్కడన్నా పెట్టుకో, నీ నిజం నువ్వే మేపుకో అన్నాను. ఆయనకు సగమే వినపడి ఉంటుంది, కానీ నా ముఖం చూస్తే చాలు. గుర్రం ముఖం మీద కత్తిరించిన చోట కొబ్బరినూనె రాస్తూ చెప్పాడు.

"దాసిపెట్టి అమ్మితే, ఎంటికలు మొలిసిన దినం ఏం జరగతాది పాపా? మనల్ని ఎతుక్కుంటా రారు. దాన్నే గదా కొట్టేది."

ఆ రాత్రి పళ్ళేల ముందు కూర్చుని ఇద్దరం తలో వైపు చూస్తూ తిన్నాం.

నెలాఖరుకు రెండు రోజుల ముందు ఫోన్ వచ్చింది. సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లెలో ఉంటాడట, రైల్వేలో గేటు కాపలా చేసి రిటైరైన మనిషి. మామిడితోట రైతుకు తెలిసినవాడు. "సుడి గురించి ముందే సెప్పినారంట గదమ్మా మీ నాయన. అట్టాంటి ఇంటి గుర్రమయితే నాకు సాలు" అన్నాడు. ఆయనకు కావాల్సింది ఎక్కడానికో ఊరేగింపుకో కాదు. రెండు ముసలి గుర్రాలుండేవట. నాలుగు నెలల కింద ఒకటి చనిపోయింది. మిగిలింది గోడకు ముఖం పెట్టుకుని నిలబడుతోంది, మేత ముట్టడం లేదు. "కొనేదానికి నాకు శక్తి లేదమ్మా. జతకి ఇయ్యండి. మా ముసల్ది ఉన్నన్ని దినాలు ఉండనీయండి. అది పోయిన దినమే ఫోన్ జేస్తా. వొచ్చి తోలుకుపోండి."

ఇచ్చాం. గుర్రం చిన్న లారీ ఎక్కనంది. చెక్క వేసినా, ఉలవలు చూపించినా, వెనక నుంచి తోసినా కదల్లేదు. చివరికి నాయన మోకాళ్ళు పట్టుకుని తనే లారీ ఎక్కి లోపల గడ్డి మీద కూర్చున్నాడు. అప్పుడది వెనకే ఎక్కింది. సూళ్లూరుపేట దాకా ఆయన దాని కాళ్ళ దగ్గరే కూర్చుని వచ్చాడు. ముందు కూర్చోమని డ్రైవరు ఎంత చెప్పినా వినలేదు.

ఆ పల్లెలో సరుగుడు చెట్లు, ఇసుక, చేపల వాసన, ఆగకుండా గాలి. గేటు కాపలా మనిషి గుండీలన్నీ పెట్టుకున్న ఖాకీ చొక్కాతో ఎదురొచ్చాడు. పాకలో ముసలి తెల్లగుర్రం, ఒక కంటికి పొర, నిజంగానే గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. మా గుర్రం లారీ దిగి ఇసుకలో నాలుగడుగులు వేసిందో లేదో, ఆ ముసలిది తల తిప్పి సకిలించింది. గేటు కాపలా మనిషి పాక గుంజ పట్టుకున్నాడు.

"నాలుగు నెల్లయిందమ్మా దాని గొంతు యిని" అన్నాడు.

మేం బయల్దేరేసరికి రెండూ ఒకదాని తోక వైపు ఒకటి తల పెట్టి నిలబడి ఉన్నాయి, ఒకదాని ముఖం మీది ఈగల్ని ఇంకొకటి తోకతో తోలుతూ. తిరుగు బస్సులో నాయన చాలాసేపు కిటికీ బయటికి చూశాడు. నాయుడుపేట దాటాక అన్నాడు. "ఒక దాని సావు కోసం కాసుకోనుండే మాదిరి ఒప్పుకున్నామే పాపా."

ఆ ఎదురుచూపు రెండున్నరేళ్ళు సాగింది. మొదట్లో నెలకోసారి వెళ్ళేవాళ్ళం. ఐరాల నుంచి తిరుపతి, అక్కడి నుంచి సూళ్లూరుపేట, ఆపైన షేర్ ఆటో. పోను సగం రోజు, రాను సగం రోజు, మధ్యలో గుర్రంతో గంట. గుడ్డసంచిలో ఉడికించిన ఉలవలు పట్టుకొచ్చేవాడు నాయన. దిగగానే "ఏమ్మే" అనేవాడు. చెట్ల మధ్య నుంచి అది పరుగెత్తుకొచ్చేది. ఆయన మెడ మీద చెయ్యి పెట్టి నిలబడేవాడు. నేను ఎక్కుదామా అనుకునేదాన్ని. ఇసుక, జీను లేదు, అదీ గాక అది ఇప్పుడు నాది అవునో కాదో. ఎక్కలేదు.

గేటు కాపలా మనిషి మాట తప్పలేదు. గుర్రాన్ని బాడుగకు ఇవ్వలేదు, బండి కట్టలేదు. నవంబరులో పక్షులు చూడ్డానికి వచ్చేవాళ్ళు పిల్లల్ని ఎక్కించమని డబ్బిస్తామన్నా, "అది పరాయోళ్ళ సొత్తు" అని పంపించేసేవాడు. ఆయన మంచితనమే నాకు కష్టమైంది. తప్పు చేసుంటే తెచ్చుకునేదాన్ని. ముసలి గుర్రం కొంచెం కొంచెంగా ఒళ్ళు చేసింది. మేం వెళ్ళిన ప్రతిసారీ అది ఇంకా బాగుండేది. బాగుందని సంతోషపడేవాళ్ళం, మళ్ళీ బస్సెక్కేవాళ్ళం.

ఈలోపు నాకు తిరుపతికి బదిలీ అయింది. మేడ మీద రెండు గదులు. నాయనకు నడవడానికి గట్లు లేవు. పొద్దున ఐదింటికే లేచి గిన్నె పొయ్యి మీద పెట్టబోయి, ఆపి, మళ్ళీ కింద పెట్టడం నేను మంచం మీద నుంచి చూశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. "ఇంగా నిద్ర మబ్బు పోలే" అనేవాడు నేను చూశానని తెలిస్తే. మోకాళ్ళు మళ్ళీ బిగిశాయి. ప్రయాణం నెలకోసారి నుంచి మూడు నెలలకోసారి అయింది.

రెండో ఏడాది చివర్లో వెళ్ళినప్పుడు, "ఏమ్మే" అన్న పిలుపుకు గుర్రం తల ఎత్తి చూసింది. చూసి మళ్ళీ మేతలో పడింది. ముసలిది నడిస్తే దాని వెనకే నడిచింది. నాయన ఇసుకలో దాని దగ్గరికి తనే నడిచి వెళ్ళి ఉలవలు పెట్టాడు. తింది. బస్సులో నేను మాట్లాడించడానికి భయపడ్డాను. ఆయనే అన్నాడు.

"బాగుండాది. బాగుంటే మన దగ్గరికి ఉరికి రావాల్సిన పనేముండాది?"

అలా అన్నాక సూళ్లూరుపేట నుంచి తిరుపతి దాకా ఖాళీ గుడ్డసంచిని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తూ కూర్చున్నాడు.

ఫోన్ ఒక మంగళవారం పొద్దున వచ్చింది. ముసలి గుర్రం నిద్రలోనే పోయిందట. గేటు కాపలా మనిషి మాట ప్రకారం ఆ రోజే చేశాడు. "మీది మీరు తోలుకుపోండమ్మా" అన్నాడు. ఆ మాట కోసం రెండున్నరేళ్ళు కాచుకున్నాం. తీరా వచ్చేసరికి ఎక్కడ కట్టాలో తెలియదు. వారం గడువు అడిగాను. ఆ వారం రోజులూ సాయంత్రం డ్యూటీ దిగి రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు కొట్టాల కోసం తిరిగాను. ఒకచోట దొరికింది గానీ గుర్రం ఒక్కతే ఉండాలి, చూసేవాళ్ళు లేరు. నాయన రోజూ రెండు బస్సులు మారి వెళ్ళాలి.

ఐదో రోజు గేటు కాపలా మనిషే మళ్ళీ ఫోన్ చేశాడు. "రెండు దినాల్నుంచి మేత ముట్టడంలేదమ్మా. ముసలిదాన్ని పూడ్సిన సోటికి పోయి నిలబడతాండాది. ఒంటిగా ఉండలేదది." ఆ వెంటనే ఇంకో సంగతి చెప్పాడు. కుప్పం అవతల పట్టుపురుగులు పెంచే రైతు ఒకాయన ఉన్నాడట, వాళ్ళిద్దరికీ తెలిసినవాళ్ళ ద్వారా మాట వచ్చింది. అతనికి రెండు ఆడగుర్రాలున్నాయి, మూడోదాన్ని తీసుకుంటాడట. సుడులూ గిడులూ చూడడట. "మీ సొత్తు, మీరు కాదంటే లేదు. మీరొచ్చేదాకా నేను పెట్టుకుంటా. కానీ నాకు డెబ్బై దాటినాయి తల్లీ. ఇంగో గుర్రం తేలేను."

ఫోన్ చేత్తో మూసి నాయనకు గట్టిగా, అరిచి చెప్పాను. మేడ మీద, బట్టలు ఆరేసిన తాళ్ళ మధ్య. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిదానికంటే కష్టమైంది. ఆయన తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"రెండుండాయంట గదా ఆడ?"

"అవును నాయనా."

"ఇచ్చేయ్ పాపా."

సాగనంపడానికి వెళ్ళాం. కుప్పం రైతు తన గుర్రాల్లో ఒకదాన్ని లారీలో వెంట తెచ్చాడు, దారిలో తోడుంటుందని. అతనికి ముప్పై ఐదేళ్ళుంటాయేమో. మాట తక్కువ. గుర్రం పళ్ళు చూడలేదు, ముఖం చూడలేదు. గిట్టలు మాత్రం ఎత్తి చూసి, "ఇసకలో ఉండి పెరిగిపోయినాయి, నేను చెక్కిస్తా" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే నాయన తీసుకోలేదు. ఏదో ఒకటి పుచ్చుకోవాలని అతను పట్టుబడితే, "గుర్రం ఎట్లుండాదో అప్పుడప్పుడు సూపించు నాయనా" అన్నాడు.

గుర్రం చిక్కిపోయి ఉంది. నాయన దాని ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎడమ కంటి కింద ముద్దు పెట్టాడు. అది కాసేపు ఆయన భుజం మీద మూతి ఆనించింది. అప్పుడు నాకు ఒక్క క్షణం అంతా రద్దు చేసేద్దామనిపించింది. రేణిగుంట కొట్టానికే తోలుకుపోదాం, ఎలాగో ఒకలాగా చూద్దాం అని నోటి దాకా వచ్చింది. అంతలో లారీలోని గుర్రం బుసకొట్టింది. మాది తల ఎత్తి, చెవులు అటు తిప్పి, నాయన చేతుల్లోంచి ముఖం మెల్లగా లాక్కుని లారీ వైపు నడిచింది. ఎవరూ తోయకుండానే చెక్క ఎక్కింది.

లారీ పోయాక గేటు కాపలా మనిషి మాకు చేపల పులుసుతో అన్నం పెట్టాడు. పాక ఖాళీగా ఉంది. ముగ్గురం దాని వైపు వీపు పెట్టుకుని తిన్నాం. వచ్చేటప్పుడు ఆయన మాతో షేర్ ఆటో దాకా నడిచాడు, ఆటో కదిలాక కూడా అక్కడే నిలబడ్డాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. కుప్పం రైతు మాట నిలబెట్టుకుంటున్నాడు. నెలకొకటో రెండో వీడియోలు అతని భార్య తీసి పంపుతుంది. మల్బరీ తోట పక్కన మూడు గుర్రాలు, మధ్యలో మాది. నాయన ఫోన్ తీసుకుని చూస్తాడు. చూస్తూ చూస్తూ బొటనవేలితో దాని మెడ తాకుతాడు. తాకగానే వీడియో ఆగిపోతుంది. నేను మళ్ళీ ఆడిస్తాను. మళ్ళీ తాకుతాడు.

వెళ్దామని ఎన్నోసార్లు అనుకున్నాం. పోయిన చలికాలం అనుకుంటే ఆయనకు దగ్గు పట్టుకుంది. ఎండాకాలం పశువులకు గాలికుంటు టీకాల పని, నాకు సెలవు దొరకలేదు. తర్వాత వానలు. నిజం చెప్పాలంటే సెలవు ఒకటి దొరికింది, నేనే వాడుకోలేదు. అది మమ్మల్ని గుర్తుపట్టకపోతే ఆయన ఏమవుతాడో అని భయం. గుర్తుపడితే నేనేమవుతానో అన్నది ఇంకో భయం.

నిన్న ఇంటికి వచ్చేసరికి నాయన చెమట పట్టి, చెప్పులు విడవకుండానే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడికి వెళ్ళావని అడిగాను. బస్టాండు దాకా నడిచి వెళ్ళి వచ్చాడట, ఆ మోకాళ్ళతో.

"కుప్పానికి పొద్దన్నే ఐదున్నరకి ఒకటుండాదంట పాపా" అన్నాడు. "నేరుగా పోతాదంట. మారే పని లేదు."